ఇంజను చల్లగా నడచుట మేలా?

ఇంజను ఎంత చల్లగా నడచిన అంత మంచిదనియు, వేడెక్కినచో చెడిపోవుననియు రైతులలో నొక నమ్మకము స్థిరపడియున్నది. ఇందు రెండవమాట నిజము. మొదటిమాట నిజము కాదు. మితిమీఱిన వేడి ఇంజనును ఒక్క దినమున చెఱచును. మితిమీఱిన చల్లదనము దానిని కొన్ని సంవత్సరములలో, చప్పుడు చేయక చెఱచును. ఆ కాలమంతయు డీజిలును దొంగిలించుచునే యుండును. మొదటి కీడును ప్రతివాడును చూచును. రెండవదానిని కనిపెట్టువారు అరుదు. కావున చల్లబడిన ఇంజనును గుర్తించు విధమును, దానిని సరిచేయు విధమును ఈ నెల సభ్యులకు మనవి చేయనెంచితిమి.

విద్యుత్తు మోటారులు వ్యాపించిన పిమ్మట ఆయిలు ఇంజనుల వాడుక తగ్గినమాట వాస్తవమే. అయినను కాలువల చివరి పొలములలోను, మురుగుకాలువలనుండి నీరు తోడుకొనుచోట్లను, చేపల చెఱువులకడను, కరెంటు తీగ చేరని మెట్టభూములలోను ఇవి నేటికిని పనిచేయుచున్నవి. ట్రాక్టరుల మాట, లారీల మాట చెప్పనక్కఱలేదు. ఇచ్చట మేము చెప్పునది నీటితో చల్లార్చబడు ఇంజనులకు మాత్రమే చెల్లును. గాలితో చల్లారు ఇంజనుల పద్ధతి వేఱు.

డీజిలు ఇంజనునకు వేడి ఏల?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు కలదు. డీజిలు ఇంజనులో నది లేదు. 1897లో జర్మనీదేశమందలి ఆగ్స్‌బర్గు పట్టణమున రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజను మొదలుకొని నేటి ట్రాక్టరు వఱకు సూత్రమొక్కటియే. సిలిండరులోనికి పీల్చిన గాలిని పిస్టను గట్టిగా అదిమినపుడు ఆ గాలి అయిదువందల డిగ్రీలకు పైగా కాగును. అట్లు కాగిన గాలిలోనికి నాజిలు సన్నని తుంపరగా డీజిలును చిమ్మగా, అది తనంతట తానే అంటుకొనును. అనగా ఈ ఇంజనులో అగ్గిపుల్ల పనిచేయునది వేడిగాలియే.

సిలిండరు గోడలు మిక్కిలి చల్లగా నున్నచో ఆ గాలిలోని వేడిని గోడలు లాగుకొనును. తుంపర వెంటనే అంటుకొనదు. అంతలో మఱికొంత డీజిలు వచ్చి చేరి, అంతయు నొక్కసారిగా భగ్గున మండును. చల్లని ఇంజనునుండి వినవచ్చు టకటక శబ్దమునకు కారణమిదియే. గోడలను తాకిన తుంపర కొంత పూర్తిగా మండదు. తడికట్టెలు పొయ్యిలో పెట్టిన ఇల్లాలికి పొగ యెక్కువ, సెగ తక్కువ యగుట మన మెఱిగినదే గదా. ఇచ్చటను అంతే. రైతు వెలయిచ్చి కొన్న డీజిలు కొంత తెల్లని పొగయై పోవును. కొంత సైలెన్సరు మూతికడ తడిమసియై అంటుకొనును.

నష్ట మంతటితో తీఱదు. మండని డీజిలు పిస్టను రింగుల ప్రక్కగా దిగి అడుగుననున్న ఇంజను ఆయిలులో కలియును. ఆయిలు పలుచనగును; పలుచనైన ఆయిలు బేరింగులను కాపాడజాలదు. మఱియొక సంగతి పలువురకు తెలియదు. ఒక లీటరు డీజిలు మండినచో సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. ఇంజను తగినంత వేడిగా నున్నపుడు ఆ యావిరి పొగతో బయటికి పోవును. గోడలు చల్లగా నున్నపుడు, చన్నీళ్ల చెంబునకు వెలుపల చెమ్మ పట్టినట్లు, ఆ యావిరి లైనరుపై చెమ్మగా దిగును. డీజిలులోని గంధకము మండగా పుట్టిన వాయువు ఈ చెమ్మలో కలసి ఆమ్లమై లైనరును తినివేయును. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున అమ్ముడగు డీజిలులో గంధకము పదిలక్షల పాళ్లకు 10 పాళ్లకు మించరాదను నియమము వచ్చినందున ఆమ్లబాధ చాలవఱకు తగ్గినది. కాని చెమ్మబాధయు, ఆయిలు పలుచనగు బాధయు తగ్గలేదు. లైనరును, రింగులను మార్చి ఎన్నో దినములు కాకమునుపే అవి మరల అరిగినవని వగచు రైతు, సామాను నాసిరకమని తలంచుటకు ముందు తన ఇంజను ఏ వేడిపై నడచుచున్నదో విచారింపవలయును.

చలిదేశపు లారీ నేర్పు పాఠము

చలిదేశములలోను, మన దేశమున లడఖ్ వంటి మంచుసీమలలోను నడచు లారీలలో డ్రైవరు కూర్చుండు గదిని వెచ్చజేయు హీటరు ఉండును. దానికి వేఱుగా నిప్పు లేదు. ఇంజనును చల్లార్చి వేడెక్కిన నీటిలో కొంత, ఒక రబ్బరు గొట్టముగుండ గదిలోనున్న చిన్న రేడియేటరులోనికి వచ్చి, మఱియొక గొట్టముగుండ ఇంజనునకు తిరిగిపోవును. ఆ చిన్న రేడియేటరుపై ఒక ఫ్యాను గాలి విసరును. గాలి వెచ్చనై గదిలో నిండును. ఇంజను తన పనిలో విడిచిపెట్టిన వేడియే డ్రైవరునకు కంబళి.

పాత డీజిలు లారీలో ఈ గాలి గోరువెచ్చగా మాత్రమే వచ్చుచున్నచో, తెలిసిన డ్రైవరు హీటరును విప్పివేయడు. మొదట ఇంజను చల్లారియున్నపుడు రేడియేటరు మూత తీసి నీటిమట్టము చూచును. నీరు తక్కువైనచో ఎత్తున నున్న హీటరునకు మొదట కఱవు వచ్చును. పిమ్మట ఇంజనును కొంతదూరము పనిపై నడిపి, హీటరు గొట్టములు రెండింటిని చేతితో తడవి చూచును.

రెండు గొట్టములును మిక్కిలి వేడిగా నున్నచో నీటివైపు లోపము లేదు. ఫ్యాను తిరుగకపోవుటయో, గాలిని మళ్లించు తలుపు బిగిసికొనిపోవుటయో, రేడియేటరు ఱెక్కలలో దుమ్ము క్రిక్కిఱియుటయో కారణము. ఒకటి వేడిగాను, రెండవది చల్లగాను ఉన్నచో నీరు దారిలో ఆగినది. కుళాయి తెఱచుకొనలేదు, లేదా చిన్న రేడియేటరు తుప్పుతో, పాచితో పూడినది, లేదా గొట్టములో గాలి చిక్కుకొన్నది. రెండు గొట్టములును గోరువెచ్చగానే యున్నచో, నీరు ఆడుచున్నను నీటిలో వేడి లేదన్నమాట, హీటరు నిర్దోషి. ఇంజనే చల్లగా నడచుచున్నది. అట్టిచోట చాలవఱకు దోషము థర్మోస్టాటు అను చిన్న కవాటమునందుండును. దానినిగూర్చి ముందు చెప్పుదుము.

ఈ పాఠము మన కేల యనవచ్చును. కృష్ణాజిల్లా రైతునకును, కరీంనగరు రైతునకును గదిలో హీటరు అక్కఱలేదు, నిజమే. కాని చలిదేశపు డ్రైవరునకు తన ఇంజను చల్లబడినదని వణకుచున్న కాళ్లు మొదటిదినముననే చెప్పును. మన ట్రాక్టరు, మన పంపు ఇంజను ఏండ్లతరబడి చల్లగా నడచినను మనకు చెప్పువారు లేరు. ఆ హీటరు చేయు పనిని ఇచ్చట మన చేయి చేయవలయును.

పంపు ఇంజను: బిందె లెక్క

పంపు ఇంజనులను చల్లార్చుటకు మనవారు సాధారణముగా అనుసరించు పద్ధతి యిది. పంపు తోడు నీటిలోనుండి ఒక సన్నగొట్టము తీసి ఇంజనునకు కలుపుదురు. నూతినీరు ఇంజనులో దూఱి, వేడిని తీసికొని, పైగొట్టముగుండ కాలువలో పడును. గొట్టమునకు కుళాయి యుండిన దానిని పూర్తిగా తెఱచియుంతురు. వెలుపలికి వచ్చు నీటిని చేతబట్టి, చల్లగా నున్నదని సంతోషింతురు. ఆ సంతోషము వెలయెంతో చూతము.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడిచేయు వేడిమిని ఒక కిలో కేలరీ యందురు. ఒక లీటరు డీజిలు పూర్తిగా మండినచో సుమారు 8,500 కిలో కేలరీల వేడి పుట్టును. ఇందు సుమారు మూడవవంతు పంపును త్రిప్పు పనియగును. మఱియొక మూడవవంతు పొగతో పోవును. తక్కినది, అనగా సుమారు 2,800 కిలో కేలరీలు, చల్లార్చు నీటిలోనికి చేరును. 5 అశ్వశక్తుల ఇంజను నిండుబరువుపై గంటకు ఇంచుమించు ఒక లీటరు డీజిలు త్రాగును. నూతినీరు 30 డిగ్రీలు. ఇంజనునుండి వెలుపడు నీరు 60 డిగ్రీలు ఉండవలెనన్నచో, ప్రతి లీటరు నీరును 30 కిలో కేలరీలు మోసికొనిపోవలయును. 2,800ను 30చే భాగింపగా 93 లీటర్లు వచ్చును. గంట కంతటికిని కావలసిన నీరు అంతియే.

ఈ లెక్కను పొలముగట్టున చూచుట కష్టము గాదు. 15 లీటర్ల బిందెను ఇంజనునుండి వచ్చు నీటిధార క్రింద పెట్టి, చేతిగడియారము చూడుడు. బిందె దాదాపు పది నిమిషములకు నిండినచో ధార సరిగానున్నది. ఒక నిమిషములో నిండినచో గంటకు 900 లీటర్లు పోవుచున్నవి. నీరు మూడు డిగ్రీలు మాత్రమే వేడెక్కుచున్నది. అరనిమిషములో నిండినచో వేడెక్కునది ఒకటిన్నర డిగ్రీ. అట్టి ఇంజను నడచుచున్నను, నీటిలో మునిగియున్నదానితో సమానము. ఇంజను శక్తి యెక్కువైనకొలది నీరును ఆ పాళ్లలో పెరుగును. 10 అశ్వశక్తుల ఇంజనునకు బిందె అయిదు నిమిషములకు నిండవలయును. ఇంజను సగము బరువుపై నడచుచున్నచో నీరును తగ్గింపవలసియుండును.

ఎంత వేడి యుండవలెనన్నదానికి తయారుచేసినవారి పుస్తకమే ప్రమాణము. పుస్తకము లేనిచోట, బయటికి వచ్చు నీరు 60 మొదలు 70 డిగ్రీల నడుమ నుండునట్లు చూచుకొనవచ్చును. థర్మామీటరు దొరకనిచో గుర్తు చెప్పెదము: ఆ నీరు స్నానమునకు హాయిగానున్నచో ఇంజను చల్లగా నున్నది. వ్రేలు తగిలించి తటాలున తీసికొనవలసినంత వేడిగానున్నచో సరిగానున్నది. బుసలుకొట్టుచు ఆవిరితో వచ్చుచున్నచో వేడి మితిమీఱినది. వ్రేలిని తగిలించి చూడవలయునే గాని ధారలో ఉంచరాదు. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణములలో చర్మమును కాల్చును.

ధారను సన్నము చేయుటకు ఇంజనులోనికి నీరు పోవువైపు కుళాయిని త్రిప్పవలయును. వెలుపలికి వచ్చువైపు బిగించినచో పంపు ఒత్తిడి అంతయు ఇంజనుపై పడి గాస్కెట్టులు చెడును. ఒక్క త్రిప్పు త్రిప్పి, కాలుగంట ఆగి, మరల చూచి, మరల త్రిప్పుడు. కాలువనీరు వాడువారికి ఒక హెచ్చరిక: సన్నగా తెఱచిన కుళాయిలో గడ్డిపోచ, నాచు చిక్కుకొని నీరు పూర్తిగా ఆగవచ్చును. గొట్టపు మొదట సన్నని జల్లెడ కట్టుడు. ఇంజనుకడ మనిషి లేకుండ విడిచిపోకుడు.

పీపా పద్ధతి

పైన చెప్పిన కుళాయి ఉపాయము ఖర్చులేనిది. కాని దానికి రెండు లోపములు గలవు. మొదటిది, ఇంజను పైభాగము వేడిగానున్నను క్రిందిభాగమునకు చన్నీరే తగులును. రెండవది, మన మెట్టప్రాంతపు బోరునీటిలో సున్నము మెండు. అట్టినీరు కాగినపుడు బువ్వకుండ అడుగున తెల్లపెచ్చు కట్టినట్లు ఇంజను లోపల పెచ్చుకట్టును. గంటగంటకు క్రొత్తనీరు వచ్చినకొలది క్రొత్తసున్నము వచ్చుచునే యుండును. పెచ్చు మందమైన పిదప నీరు చల్లగానే కనబడుచున్నను, ఆ పెచ్చు వెనుక ఇనుము కాలుచుండును.

ఈ రెండు లోపములకును పాతకాలపు పీపా పద్ధతియే మందు. వేడెక్కిన నీరు తేలికయై పైకి లేచును; చల్లారిన నీరు బరువై క్రిందికి దిగును. ఈ గుణముచేత పంపు సహాయము లేకయే నీరు ఇంజనునకును పీపాకును నడుమ తిరుగుచుండును. దీనిని థర్మోసైఫను పద్ధతి యందురు. 5 అశ్వశక్తుల ఇంజనుకడ 200 లీటర్ల పీపా నుంచుడు. పీపా అడుగుకన్న జానెడు పైనుండి ఒక గొట్టము తీసి ఇంజను క్రింది రంధ్రమునకు కలుపుడు. మడ్డి పీపా అడుగుననే నిలిచిపోవును. ఇంజను పైరంధ్రమునుండి మఱియొక గొట్టము పీపా పైభాగమునకు పోవలయును. ఈ పైగొట్టము మొదలునుండి చివరివఱకు ఎక్కుచునే యుండవలయును. నడుమ వంగి మరల లేచినచో ఆ మెలికలో గాలి చిక్కి నీటియాట ఆగిపోవును. చలిదేశపు హీటరు గొట్టములో గాలి చిక్కుట ఎట్టిదో ఇదియు అట్టిదే. పైగొట్టపు మూతి ఎల్లప్పుడు నీటిలో మునిగియుండవలయును. గొట్టములు ఇంజను రంధ్రములకన్న సన్నము కారాదు.

200 లీటర్ల నీటిలో గంటకు 2,800 కిలో కేలరీలు చేరినచో నీరు గంటకు 14 డిగ్రీలవంతున వేడెక్కవలయును. పీపా ప్రక్కలనుండి గాలిలోనికి పోవు వేడి కొంత తీసివేయగా, ఉదయము 30 డిగ్రీలతో మొదలైన నీరు మూడవగంటకు 60 డిగ్రీలు దాటును. అటుపిమ్మట పంపునీటిని సన్నధారగా పీపాలోనికి విడిచి, పైనుండి పొర్లిపోనీయవలయును. పీపాకు బదులు సిమెంటు తొట్టియైన మఱింత మంచిది. పాత డీజిలు పీపాను కోయించువారు మిక్కిలి జాగ్రత్తగా నుండవలయును. ఖాళీ పీపాలో నిలిచిన డీజిలు ఆవిరి గ్యాసుమంటకు అంటుకొని ప్రాణములు తీయును. పైమూత ముందే తీసియున్న పీపాను కొనుట క్షేమము.

ట్రాక్టరు, లారీ: థర్మోస్టాటు సంగతి

రేడియేటరు గల ఇంజనులో థర్మోస్టాటు అను కవాటము నీటిదారికి కావలివాడు. ఇత్తడిగిన్నెలో బిగించిన మైనము దాని ప్రాణము. ఇంజను చల్లగానున్నంతసేపు ఈ కవాటము మూసికొని, నీటిని రేడియేటరునకు పోనీయక ఇంజనులోనే త్రిప్పును. నీరు తగినంత కాగినపుడు మైనము కరగి ఉబ్బి, కడ్డీని త్రోసి, దారిని తెఱచును. ఏ వేడిపై తెఱచునో ఆ యంకె, 71 అనియో 82 అనియో, చాలవానిపై ముద్రింపబడియుండును.

మనవైపు జరుగునది యేమన, ఎప్పుడో యొక వేసవిలో రేడియేటరు మట్టితో పూడి ఇంజను కాగును. మేస్త్రీ థర్మోస్టాటును పీకి పాఱవేసి, ఇక కాగదని చెప్పును. ఆ దినమునకు బాధ తగ్గినట్లు కనబడును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత ఇచ్చట చక్కగా చెల్లును. ఇంజను అది మొదలు ఏడాది పొడుగున చల్లగా నడచును. కొన్ని ఇంజనులలో ఈ కవాటమే, తాను తెఱచుకొన్నపుడు, లోపలి ప్రక్కదారిని మూయును. అట్టివానిలో దానిని తీసివేసినచో నీరు సులువైన ప్రక్కదారినే పట్టి రేడియేటరునకు సరిగా పోదు. చల్లబడవలసిన ఇంజను మరింత కాగును. రోగము రేడియేటరుది, శిక్ష కవాటమునకు.

మీ బండిలో కవాట మున్నదో లేదో, పనిచేయుచున్నదో లేదో చేతితోనే తెలిసికొనవచ్చును. ఉదయము చల్లని ఇంజనును నడిపి, ఫ్యానునకు చేయి తగులనీయక రేడియేటరు పైగొట్టమును తడవి చూడుడు. కవాటము మంచిదైనచో ఇంజను తల వెచ్చనగుచున్నను ఆ గొట్టము కొంతసేపు చల్లగానే యుండి, పిమ్మట త్వరలో వేడెక్కును. మొదటినిమిషములనుండియు గొట్టము మెల్లమెల్లగా వెచ్చనగుచున్నచో కవాటము తెఱచుకొని బిగిసిపోయినదని గాని, లేనేలేదని గాని తెలియవలయును. విప్పి తీసినపుడు దానిని గిన్నెలో నీటనుంచి, థర్మామీటరుతోపాటు కాచి చూడుడు. చన్నీటిలోనే నోరు తెఱచియున్నది చెడినది. ముద్రించిన యంకెకడ తెఱచుట మొదలిడి, మఱి పది పండ్రెండు డిగ్రీలకు పూర్తిగా తెఱచినది మంచిది. చెడినదాని బదులు అదే అంకె గల క్రొత్తదానిని వేయవలయును. రేడియేటరును లోపల, వెలుపల కడిగింపవలయును.

వేడిని చూపు ముల్లును గ్రుడ్డిగా నమ్మరాదు. నీరు తగ్గి, ముల్లునకు వార్త నంపు మొన గాలిలో నున్నచో, కాలుచున్న ఇంజనును సైతము అది చల్లగా చూపవచ్చును. కావున ఎల్లప్పుడు మొదటిపని నీటిమట్టము చూచుటయే. వేడి ఇంజనుపై రేడియేటరు మూతను తీయకుడు; ఒత్తిడితో నున్న నీరు ముఖముపై చిమ్మును. నీరు మాడిపోయిన ఇంజనులో చన్నీరు వెంటనే పోయకుడు. సిలిండరు తల పగులును. రేడియేటరులో బోరునీరు పోయక, తయారుచేసినవారు చెప్పిన కూలెంటును వాడుడు. ఇంజను వెచ్చనగుటకై ఊరక నిలిపి గంటలకొలది త్రిప్పుటయు వ్యర్థము. ఊరక తిరుగు డీజిలు ఇంజను కొంచెమే ఇంధనము త్రాగును గనుక దానికి పుట్టు వేడియు కొంచెమే. రెండు మూడు నిమిషములు త్రిప్పి, తేలికబరువుతో నడపినచో త్వరగా వెచ్చనగును.

తెల్లపొగలన్నియు చల్లదనముచేతనే పుట్టునని మేము చెప్పుటలేదు. నాజిలు చెడినను, అదుము తగ్గినను తెల్లపొగ వచ్చును. నీలపు పొగ ఇంజను ఆయిలు కాలుటకు గుర్తు. కాని వరుస యొకటి పాటింపవలయును. మొదట నీటి వేడిని సరిచేయుడు. దానికి ఖర్చు స్వల్పము. అరగంట బరువుపై నడచిన పిదపను పొగ పోనిచో నాజిలును చూపింపుడు. అటుపిమ్మటనే ఇంజను విప్పు మాట.

సంఘము చేయదగినది

5 అశ్వశక్తుల ఇంజను దినమునకు ఎనిమిది గంటలవంతున అఱువది దినములు నడచిన 480 లీటర్ల డీజిలు త్రాగును. చల్లగా నడచుటచేత ఇందు ఇరువదవ పాలు మాత్రమే వ్యర్థమగుననుకొన్నను 24 లీటర్లు పోయినవి. ఒక ఊరిలో అట్టి ఇంజనులు ఇరువది యున్నచో 480 లీటర్లు, అనగా ఒక రైతు పంట కంతటికిని చాలు డీజిలు, పొగలో పోవును. లైనరులు, రింగులు ఈ లెక్కలో చేరలేదు. 1978లో స్థాపింపబడిన పెట్రోలియం కన్సర్వేషన్ రిసెర్చ్ అసోసియేషన్ సేద్యపు పంపుసెట్లలో డీజిలు పొదుపునుగూర్చి ప్రచారము చేయుచున్నది. కాని పొదుపు ప్రచారముచేత రాదు; కుళాయి త్రిప్పిన చేతివలన వచ్చును.

ప్రతి సంఘమును 0 నుండి 100 డిగ్రీల వఱకు చూపు థర్మామీటరు నొకదానిని, గట్టి ఒఱతో కొని, కార్యాలయమున నుంచవలెనని మా సూచన. ఎరువుల సంచి తీసికొనిపోవ వచ్చిన సభ్యుడు దానిని ఒక్క పూటకు వ్రాయించుకొని తీసికొనిపోయి తిరిగి ఇచ్చివేయవచ్చును. దానితోపాటు ఒక పుస్తక ముంచి, సభ్యుని ఇంజను శక్తి, బిందె నిండిన నిమిషములు, బయటికి వచ్చిన నీటి వేడి, గంటకు త్రాగిన డీజిలు అను నాలుగు అంకెలు వ్రాయవలయును. కుళాయి సవరించిన పిదప మరల ఆ నాలుగును వ్రాయవలయును. రెండు వరుసలను ప్రక్కప్రక్కన చూచినపుడు, మా మాటలయందు నమ్మకము కుదురని రైతు సైతము తన చేతి అంకెలను కాదనజాలడు.

రాబోవు నీటితడికి ఇంజను నడుపు ప్రతి సభ్యుడును బిందెను ధార క్రింద పెట్టి, అది యెన్ని నిమిషములకు నిండెనో సంఘ కార్యదర్శికి తెలుపగోరుచున్నాము.